ఆదివారం సెలవున్న పిజ్జా షాపు

మా ఎడిషన్ ఇన్‌చార్జి రంగారావు గారికి రెండు నమ్మకాలు ఉండేవి. హోటళ్ల గురించి రాసేది వార్త కాదన్నది ఒకటి. పత్రికలో తప్పు పడితే దాన్ని సరిదిద్దడం కంటే మరచిపోవడం మేలన్నది రెండోది. ఆయన కింద చాలా ఏళ్లు పనిచేశాను. మంచి మనిషి, నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఈ రెండు విషయాల్లో మాత్రం ఆయన పొరపాటు పడ్డారని ఇప్పటికీ అనుకుంటాను.

వరంగల్‌లో ఒక తెలుగు దినపత్రికలో నేను రిపోర్టర్‌గా చేరినప్పుడు నేరవార్తలు ఇచ్చారు. తర్వాత మార్కెట్, ఆ తర్వాత మున్సిపాలిటీ. మోకాళ్లు మొరాయించడం మొదలయ్యాక, నగరం పేజీలో వారానికో తిండి కబురు రాయమన్నారు. ఆఫీసులో చాలామంది దాన్ని శిక్ష కింద లెక్కేశారు. మొదట్లో నేనూ అంతే అనుకున్నాను. కానీ ఈ ఊరి గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ చివరి ఏళ్లలో నేర్చుకున్నదే. పోలీస్ స్టేషన్‌లో మనిషి ఆచితూచి మాట్లాడతాడు. ఎదురుగా ప్లేటు ఉంటే అంత జాగ్రత్తపడడు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు మీకు అక్కరలేదు. కాజీపేటలోని ఒక పిజ్జా షాపు సంగతి చెబుతాను. నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది.

పిజ్జా ఎవరు తింటారు?

పిజ్జా ఇంజనీరింగ్ పిల్లల తిండి అని నేను నమ్ముతూ వచ్చాను. హన్మకొండలో నాలుగు షాపులు తిరిగాక ఆ నమ్మకం పోయింది. మనవడి పుట్టినరోజుకు వచ్చిన ఒక అవ్వ, పైనున్న చీజ్‌ను వేలితో చుట్టి చుట్టి తీసి ముందు అదే తినేసి, "ఇది మన జున్నుకు చెల్లె లెక్కున్నది" అంది. కొత్తగా పెళ్లైన జంటలు ఒక పిజ్జా తెప్పించుకుని చాలాసేపు కూర్చుంటారు. ఇంట్లో ఇద్దరే కూర్చుని మాట్లాడుకునే జాగా ఉండదు కదా. ఒక ఆర్టీసీ కండక్టర్ డ్యూటీ దిగాక ఒక్కడే వచ్చేవాడు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ విడిగా అడిగి నంజుకునేవాడు. వీళ్లెవరూ పిజ్జాను పరాయి తిండిలా చూడలేదు. రొట్టె మీద కూర వేసి కాల్చినదాన్ని మనవాళ్లకు ఎవరూ పరిచయం చేయాల్సిన పనిలేదు.

కాజీపేట స్టేషన్ రోడ్డులో, సొంత ఇంటి ముందు గదిలో పిజ్జా షాపు నడుపుతున్న కుటుంబం దగ్గరికి నేను మొదటిసారి వెళ్లిన రోజు ఒక రైతు వచ్చాడు. పేరు ఐలయ్య. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని, పిల్లలకు తీసుకుపోదామని వచ్చాడు. వస్తూనే పంచాయితీ పెట్టాడు.

"ఏమమ్మా, మొన్న నువ్విచ్చిన పిజ్జ సగం ఉత్త రొట్టెనే ఉన్నది. కూరంత ఒక మూలకు వోయింది. పిల్లలు ఆ మూల కోసం తన్నుకున్నరు."

షాపు యజమానురాలు రూతమ్మ గారు కౌంటర్ వెనక నుంచి బయటికి వచ్చారు. "ఎట్ల వట్టుకపోయినవే అన్నా?"

ఐలయ్య ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని, బడి పిల్లలు పలకను పెట్టుకున్నట్టు నిలువుగా చంకలో ఇరికించి చూపించాడు. "బస్సుల నిలవడ్డ. గిట్ల వెట్టుకున్న."

"గట్ల వెడితే కూర జారదా మరి? ఒళ్లె వెట్టుకోవాలె."

"సీటు దొరికితే గద ఒళ్లె వెట్టుకునేది!"

షాపంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, రొట్టె వేరే, కూర వేరే కట్టిమ్మన్నాడు. ఇంటికి పోయాక తన భార్య పెనం మీద వేస్తుందన్నాడు. రూతమ్మ గారు రొట్టెను సగం కాల్చి, చీజ్, సాస్, చికెన్ ముక్కలు విడివిడిగా పొట్లాలు కట్టి, పెనం మీద మూత పెట్టాలని రెండుసార్లు చెప్పి పంపారు. నెల తిరిగేసరికి అది ఆ షాపులో మామూలు సరుకైపోయింది. దానికి 'ఊరి పార్శిల్' అని పేరు కూడా పెట్టారు. బస్టాండుకు పోయే ప్రతి మనిషినీ "ఊరికా, ఇంటికా?" అని అడిగేవారు.

ఆ కబురు రాసి ఇస్తే రంగారావు గారు చదివి, "ఇది బాగుందయ్యా, మా అత్తగారిదీ ఇదే గొడవ" అన్నారు. ఆ తర్వాత హోటళ్ల గురించి రాసేది వార్త కాదనడం మానేశారు. వంటకం రుచి గురించి మనం ఎంత రాసినా పాఠకుడు నాలుగు లైన్ల దగ్గర ఆగిపోతాడు. దాన్ని ఇంటికి తీసుకుపోయాక ఏమైందో అడిగి రాయండి. చివరిదాకా చదువుతాడు.

ముందు గది

రూతమ్మ గారి భర్త ప్రభుదాసు గారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. కొడుకు డేవిడ్ హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ పిజ్జా షాపులో కొన్నేళ్లు పనిచేసి, ఆ విద్య పట్టుకుని తిరిగొచ్చాడు. కోడలు స్వరూపది కాశిబుగ్గ, మగ్గాల ఇంటి పిల్ల. డేవిడ్‌ను ఇష్టపడి చేసుకుంది. గుడికీ పోతుంది, క్రిస్మస్‌కు చర్చికీ పోతుంది. ఆ ఇంట్లో ఎవరికీ దాని మీద పేచీ లేదు.

పిండి డేవిడ్ కలుపుతాడు. సాస్ రూతమ్మ గారిది, టమాటాలో ఎల్లిగడ్డ కాస్త ఎక్కువే పడుతుంది. కౌంటర్ స్వరూపది. ఓవెన్ దగ్గర స్టూలు వేసుకుని ప్రభుదాసు గారు కూర్చుంటారు. పిజ్జా కాలగానే చెయ్యెత్తి "రైట్" అంటారు. జీవితమంతా బండి వెనక పెట్టెలో గడిపిన మనిషికి ఇంతమంది మధ్య కూర్చోవడం కొత్త. మాట తక్కువ.

అన్నీ సవ్యంగా ఉన్న ఆ షాపులో ఒకటే చిక్కు. ఆదివారం సెలవు. వారంలో జనం బయట తినేది ఆ ఒక్క రోజే.

"సారు, జర మీరన్న చెప్పున్రి అత్తమ్మకు," అనేది స్వరూప, నేను వెళ్లినప్పుడల్లా. "పిజ్జ తినేదే ఐతారం. గా దినమే మనం తాళమేసుకుంటం. ఇంతకంటె ఎడ్డితనం ఉంటదా?"

"ఐతారం అమ్మను," అనేవారు లోపలి నుంచి రూతమ్మ గారు.

"ఎందుకమ్మవే అత్తమ్మా?"

"అమ్మనంటే అమ్మ."

చర్చి కోసమని డేవిడ్ అనుకున్నాడు. తల్లి భక్తితో వాదన ఎందుకని ఊరుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. అడగాల్సిన ప్రశ్నకు మన దగ్గర ముందే జవాబు ఉంటే ఇక అడగం. రిపోర్టర్లకు ఈ జబ్బు ఎక్కువ.

ఇంకో సంగతి ఉంది. 'ఆదివారం సెలవు' అన్న బోర్డును వాళ్లు షాపు లోపలి గోడకు వేలాడదీశారు. సెలవు రోజున షట్టర్ దించేవాళ్లు. కాబట్టి అవసరమైన ఆ ఒక్క రోజు ఆ బోర్డు ఎవరికీ కనపడేది కాదు. ఇంట్లో నలుగురిలో ఒక్కరికీ అది తట్టలేదు.

తాళం ఫొటో

హన్మకొండలో పెద్ద కంపెనీ పిజ్జా షాపు ఇంకొకటి తెరిచారు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. మా కాజీపేట విలేకరి సదానందానికి ఒక ఆలోచన వచ్చింది. పెద్ద షాపు దెబ్బకు చిన్న షాపులు ఏమవుతున్నాయో చూద్దామని బండేసుకుని బయల్దేరాడు. మంచి ఆలోచనే. బయల్దేరింది ఆదివారం.

స్టేషన్ రోడ్డులో షట్టర్ దించి ఉంది. తాళం వేసి ఉంది. ఫొటో తీశాడు. 'పెద్ద కంపెనీల పోటీకి మూతపడిన కాజీపేట పిజ్జా షాపు' అని రాసి పంపాడు. ఆ పేజీ నా చేతి మీదుగా పోలేదు. సోమవారం పొద్దున ఫొటోతో సహా అచ్చయింది. కుటుంబం గురించి రెండు జాలి వాక్యాలు కూడా ఉన్నాయి.

నేను వెళ్లేసరికి షాపు తెరిచే ఉంది, లోపల మాత్రం ఎవరూ లేరు. రూతమ్మ గారు పత్రిక నా ముందు పెట్టలేదు. తిట్టనూ లేదు.

"పొద్దటిసంది ఫోన్ల మీద ఫోన్లు సారు. 'అయ్యో' అంటాండ్లు. సచ్చిన ఇంటికొచ్చినట్టు వస్తాండ్లు. బతికే ఉన్నమంటే కూడ, 'ఫికర్ చెయ్యకున్రి, దేవుడున్నడు' అని పోతాండ్లు."

రెండు పుట్టినరోజు ఆర్డర్లు రద్దయ్యాయి. చీజ్ పంపే డీలర్ సరుకు ఆపేశాడు. ఇద్దరు మనుషులు వేర్వేరుగా వచ్చి, ఓవెన్ అమ్ముతారా అని అడిగి పోయారు. ఆ వారమంతా పిండి మిగిలిపోయింది. డేవిడ్ పాత కంపెనీ వాళ్లకూ కబురు అందింది. షాపు ఎలాగూ మూసేశారు కదా, హైదరాబాద్ వచ్చెయ్యమని ఫోన్ చేశారు. నెలాఖరుకల్లా చెప్పమన్నారు.

"షాపు నడువకుంటె పోవుడే గద సారు," అన్నాడు డేవిడ్. అతని వెనక స్టూలు మీద ప్రభుదాసు గారు చల్లారిన ఓవెన్‌ను చూస్తూ కూర్చున్నారు.

ఆఫీసుకు వచ్చి సదానందాన్ని అడిగాను. "తాళం ఉన్నదా లేదా? ఫొటో ఉన్నది గద నా దగ్గర!" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాడు. నిజంగానే తాళం ఉంది. కానీ తాళం ఎందుకేశారో ఫొటో చెప్పదు. పక్కింటి తలుపు తడితే ఒక్క నిమిషంలో తెలిసేది. అనుకున్న వార్త కళ్ల ముందు దొరికాక పక్కింటి తలుపు తట్టాలనిపించదు. మీకూ అనిపించదు. అలాంటప్పుడే తట్టండి.

రంగారావు గారి దగ్గరికి వెళ్లి సవరణ వేద్దామన్నాను.

"మనం తప్పు రాశామని మనమే చాటింపు వేసుకోవాలా? ఒక నెల ఆగు. మంచి ఫీచర్ ఒకటి రాద్దువుగాని."

"నెల ఆగితే రాయడానికి షాపు ఉండదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన రెండు లైన్లకు ఒప్పుకున్నారు. వేశారు. వేసిన చోటు తెలిసి కూడా నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆదివారం ఎవరిది?

సవరణ పడిన రోజు సాయంత్రం నేను మళ్లీ షాపుకు వెళ్లాను. నలుగురూ ఉన్నారు. గిరాకీ లేదు.

"ఎవ్వలు సూడలే సారు," అంది స్వరూప. "తాళం పెద్దగేశిండ్లు, మాట చిన్నగేశిండ్లు. నేనొక్కటే చెప్తాన్న. ఐతారం తాళం జూశి రాసిండు గద, ఐతారమే తెరుద్దాం. రోడ్డు మీద పోయేటోళ్లందరు సూస్తరు. అత్తమ్మా, ఈ ఒక్కపారన్న ఒప్పుకో. నీ కొడుకు పోతాండు."

రూతమ్మ గారు టమాటాలు తరుగుతున్న కత్తిపీట పక్కకు జరిపారు. భర్త వైపు చూశారు, కోడలి వైపు కాదు.

"మీ మామ సర్వీసంత ఒక్క ఐతారం నాది కాలే బిడ్డా. పిల్లగాన్ని సంకలేసుకోని ఒక్కదాన్నే చర్చికి వోయేదాన్ని. అందరు 'మీ ఆయన రాలేదా' అని అడుగుడే. ఇంటికొచ్చి కోడికూర వండి, మూత వెట్టి కూసునేదాన్ని. గూడ్సు బండి యాడ ఆగిందో, ఎప్పుడొస్తదో ఎవలకెరుక? సల్లారినంక నేనొక్కదాన్నే తినేది. రిటైరైన నాడు దండలేసి ఇంటికి పంపిండ్లు గద, ఆ దండ తీయకముందే అడిగిన. ఇగ ఐతారం నాకియ్యి అని. ఇస్తనన్నడు."

"ఇచ్చిన," అన్నారు ప్రభుదాసు గారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

స్వరూప కౌంటర్ వదిలి అత్త పక్కకు వచ్చింది. "గీ మాట ముందుగాల చెప్తే ఏంబోయేది అత్తమ్మా? ఇన్నొద్దులు నీతోని కొట్లాడితిని," అంది.

"మొగని ముచ్చట కోడలితోని చెప్తరానే, సిగ్గుండదా!"

డేవిడ్ నవ్వాడు. ఆ వారంలో ఆ షాపులో అదే మొదటి నవ్వు. స్వరూప నవ్వలేదు, ఆలోచిస్తోంది. అడ్డంగా ఉన్న రెండు బల్లలనూ, షట్టర్‌నూ మార్చి మార్చి చూసింది.

"అమ్మొద్దు," అంది చివరికి. "ఐతారం నీదే. గని షట్టర్ లేపుదాం. ఇంట్ల తినే బువ్వ ఈన్నే కూసోని తిందాం. రోడ్డుకు కనవడేటట్టు."

బగారన్నం, పిజ్జా

మా ఫొటోగ్రాఫర్ శ్రీనును వెంటబెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. చర్చి నుంచి వాళ్లు అప్పుడే వచ్చారు. ప్రభుదాసు గారు తెల్లచొక్కాలో ఉన్నారు. షట్టర్ పూర్తిగా పైకి లేపి, రెండు బల్లలు కలిపి, బగారన్నం, కోడికూర, మధ్యలో డేవిడ్ కాల్చిన పెద్ద పిజ్జా పెట్టారు.

"గిరాకీ లేకుంట ఫొటో ఏం తియ్యాలె అన్నా?" అని శ్రీను నా చెవిలో గొణిగాడు. తియ్యమన్నాను.

స్టేషన్ నుంచి వచ్చే ఆటోలు నెమ్మదించడం మొదలైంది. ఒక ఆటో అతను తల బయట పెట్టి, "మూసిండ్లన్నరు గదనే!" అని అరిచాడు.

"మూస్తే యాడ గూసోని తింటానమే?" అని డేవిడ్ ఇక్కడి నుంచి అరిచాడు.

చర్చి నుంచి నడిచిపోతున్న ఆడవాళ్లు ఆగారు. వందనాలు చెప్పి లోపలికి వచ్చారు. ఎదురింటి వాళ్లు వచ్చారు. వచ్చిన వాళ్లందరికీ చేతిలో ఏదో ఒకటి పెట్టారు. చూస్తుండగానే షాపు ముందు పదిమంది నిలబడ్డారు. ఆ రోడ్డున పోయేవాళ్లకు ఇంకేం చెప్పనక్కరలేకపోయింది.

అప్పుడు ఒకాయన కూతురిని ముందు కూర్చోబెట్టుకుని బైక్ ఆపాడు. రెండు చికెన్ పిజ్జాలు కావాలన్నాడు. డేవిడ్ సగం లేచాడు. ఆ వారంలో వచ్చిన మొదటి గిరాకీ అది. రూతమ్మ గారు తలెత్తలేదు, కానీ ఆమె చేయి ప్లేటులో ఆగిపోయింది. ప్రభుదాసు గారు ఆమెనే చూస్తున్నారు.

స్వరూప చేయి కడుక్కుని కౌంటర్ దగ్గరికి పోయింది.

"ఇయ్యాల అమ్మం అన్నా. ఐతారం మా అత్తమ్మది. రేపు రాన్రి, పొద్దుమాపు తెరిచే ఉంటది."

"గట్లంటె ఎట్ల చెల్లె? ఇంత దూరం వస్తిమి. పిల్ల ఏడుస్తది."

బైక్ మీది పిల్ల ఏడవడానికి సిద్ధంగానే ఉంది. రూతమ్మ గారు లేచారు. పిజ్జాలోంచి పెద్ద ముక్క కోసి, కాగితంలో పెట్టి పిల్ల చేతికిచ్చారు.

"అమ్ముడు లేదన్నది, పెట్టుడు లేదనలే గద. తిను బిడ్డా."

శ్రీను ఆ ఫొటో తీశాడు.

రాత్రి పేజీ పెట్టేటప్పుడు రంగారావు గారు ఆ ఫొటోను చాలాసేపు చూశారు. ఇందులో వార్త ఏముందని అడుగుతారనుకున్నాను. "ఆ తాళం ఫొటో ఎంత సైజులో వేశాం?" అని అడిగారు. చెప్పాను. దానికంటే పెద్దదిగా పెట్టించారు. కింద వ్యాఖ్య ఆయనే రాశారు. కాజీపేట పిజ్జా షాపు మూతపడలేదని, గతంలో మేం రాసింది తప్పని, ఆ కుటుంబం ఆదివారాలు కలిసి భోజనం చేస్తుందని, మిగతా రోజులు షాపు తెరిచి ఉంటుందని. తప్పు అన్న మాటను ఆ పెద్దాయన కలం నుంచి అచ్చులో చూడటం నా సర్వీసులో అదొక్కసారే. మరునాడు సదానందం ఎవరూ చెప్పకుండానే పోయి షాపులో తిని వచ్చాడు. సెలవు బోర్డును బయటి గోడకు మార్పించిందీ అతనే.

మంగళవారం సాయంత్రం నేను వెళ్లేసరికి లోపల నిలబడటానికి కూడా చోటు లేదు. డేవిడ్ హైదరాబాద్‌కు ఫోన్ చేసి రానని చెప్పేశాడట. ప్రభుదాసు గారు ఓవెన్ దగ్గర చెయ్యి దించే తీరిక లేకుండా ఉన్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోవడం రూతమ్మ గారు చూశారు.

"ఐతారం రాన్రి సారు," అన్నారు, గిరాకీ తలల మీదుగా. "గప్పుడైతే మీకు జాగ ఉంటది."